గిలాదు చర్చి విందుకు హాలు ఇవ్వరాదని

మహారాజశ్రీ హాల్‌స్టెడ్ కౌంటీ కమిషనర్ గారి సముఖమునకు,
మిస్సోరీ రాష్ట్రం.

ఎగ్జిబిషన్ గ్రౌండు ఎదుట గడ్డి కోసే యంత్రాలు బాగుచేసే షాపు యజమాని, ఒలీవ కొండ సంఘం పెద్ద అయిన వెండెల్ ప్రూయిట్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఎగ్జిబిషన్ గ్రౌండు హాలును వచ్చే శనివారం గిలాదు చర్చి వారి విందుకు అద్దెకు ఇవ్వకుండుటకు మనవి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, అబార్షన్ల మీద పోరాటానికి విరాళాలు పోగుచేసే నిమిత్తం గిలాదు చర్చి వారు ఏడాదికి రెండుసార్లు సదరు హాలులో విందు చేస్తున్నారు. తన్మూలంగా ఈ అర్జీదారునకు కలుగుచున్న ఇబ్బందులు దిగువ పొందుపరచడమైనది.

1. విందునాడు వారి కార్లు నా షాపు గేటుకు అడ్డముగా నిలుపుచున్నారు. శనివారం సాయంత్రం నా షాపు మూసే ఉంటుంది. అయినను గేటు గేటే.

2. మైకుల మోతకు పక్క పొలంలోని ఆవులు బెదురుచున్నవి. ఆవులు నావి కావు.

3. మా సంఘం నుండి పదకొండు కుటుంబాలు గిలాదుకు వెళ్ళిపోయాయి. అబార్షన్ పాపమని మా ముసలి పాస్టరు గారూ ముప్పై ఏళ్ళుగా చెబుతున్నారు. మేము చెబితే కానుకల సంచిలో చిల్లర పడింది. గిలాదు పాస్టర్ ట్రావిస్ హోల్‌కోమ్ చెబితే వాళ్ళ చర్చి ముందు తారు రోడ్డు పడింది, కొత్త బస్సు వచ్చింది, ఆయన కిందికి కొత్త ట్రక్కు వచ్చింది. వాక్యం ఒకటే, రాబడి వేరు. ఇది నా కళ్ళమంట అని నా భార్య అంటుంది. కళ్ళమంటే. ఆ డబ్బులో కొంత దిక్కులేని తల్లులకు పాలడబ్బాలుగా వెళ్ళే మాట కూడా నిజం. అది వ్రాయకపోతే నేనూ వాళ్ళలాంటి వాణ్ణే అవుతాను.

4. నా భార్య ఆర్లీన్ మా పెళ్ళికి ముందు, పంతొమ్మిదేళ్ళప్పుడు, సెయింట్ లూయిస్ వెళ్ళి కడుపు తీయించుకుంది. పెళ్ళయిన రెండో ఏడు ట్రక్కులో వెళ్తుండగా ఆ సంగతి నాతో చెప్పింది. అయిపోయిందేదో అయిపోయిందని చెప్పి రేడియో పెట్టాను. ఆ పైన ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఆమె ఇంకెవరికీ చెప్పలేదని, అది నా ఒక్కడి దగ్గరే ఉందని ఇన్నేళ్ళూ లోలోపల గర్వపడ్డాను.

కిందటేడు పొరుగింటావిడ వెంట గిలాదు వారి ఆడవాళ్ళ కూటానికి వెళ్ళడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండానే అక్కడ చెప్పేసింది. దాన్నే విందులో సాక్ష్యంగా చెప్పమని పాస్టర్ హోల్‌కోమ్ బతిమాలాడు. చెప్పింది. నేను చివరి బల్ల దగ్గర కోడి వేపుడు ముందు పెట్టుకుని విన్నాను. తొమ్మిది వందల మంది విన్నారు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు ఆమెను కావలించుకుని ఏడ్చారు. ఒక బట్టతలాయన ఆమె చెయ్యి పట్టుకుని వదలలేదు. ఇంకో మగవాడితో లేచిపోయిందని విన్నా నాకు అంత మంట పుట్టేది కాదు.

ఆమె ముగించగానే పాస్టరు మైకు అందుకున్నాడు. "ఆ ఒక్క తప్పుతో ఈ చెల్లి కడుపు మళ్ళీ పండలేదు. ప్రభువు ఆ తలుపు మూసేశాడు" అన్నాడు. హాలంతా ఏడ్చింది. సంచులు రెండోసారి తిరిగాయి.

అయ్యా, మాకు పిల్లలు లేని మాట వాస్తవం. కారణం ఆర్లీన్ కాదు. కుర్రతనంలో నాకు గవదబిళ్ళలు వచ్చాయి. డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, వాటివల్లనే లోపం నాలో ఉందని చెప్పాడు. ఊళ్ళో ఎవరికీ తెలియదు.

విందు నుంచి ఇంటికి వెళ్ళే దారిలో ఆమెను నిలదీశాను, పాస్టరు అంత అబద్ధం ఆడుతుంటే నోరు మూసుకుని ఎందుకు నిలబడ్డావని.

"ఏం చెప్పమంటావు? మా ఆయన వల్లేనని మైకులో చెప్పనా?" అంది.

ఇక అక్కడికి వెళ్ళడానికి వీల్లేదన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది:

"నా మాట వినడానికి వాళ్ళు డబ్బు కట్టి మరీ వస్తున్నారు వెండెల్. నువ్వు ఊరికే కూడా వినలేదు."

5. పిమ్మట నేను పాస్టర్ హోల్‌కోమ్‌ను ఆయన ఆఫీసులో కలిసితిని. కాఫీ ఇచ్చి మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఆ మాట నిజం కాదని, ఇకపై చెప్పవద్దని అడిగాను. లోపం నాదని చెప్పాను. డాక్టరు గది దాటి ఆ మాట నా నోట రావడం అదే మొదలు. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బ్రదర్, ఆ మాటకే కదా సంచి రెండోసారి నిండింది. ఆ డబ్బుతో ఎంతమంది పసివాళ్ళకి పాలు పడుతున్నామో నీకు తెలీదు. నీదీ సాక్ష్యమే, కాదనను. కానీ దానికి ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు."

తలుపు దాకా వచ్చి సాగనంపాడు కూడా. అబద్ధం అలాగే నిలిచింది. నా భార్య దుఃఖానికి ఉన్న గిరాకీ నా దుఃఖానికి లేదని తేలింది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ మండిందో తమరు అడగకుందురు గాక.

కావున, పైన మనవి చేసిన ఇబ్బందులను చిత్తగించి, సదరు హాలును గిలాదు వారికి నిరాకరించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
వెండెల్ ప్రూయిట్

తా.క. తప్పులు దిద్దమని ఈ కాగితం మధ్యాహ్నం ఆర్లీన్ చేతికి ఇచ్చాను. నాలుగో అంశం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది ఆఫీసులో నలుగురూ చదువుతారు, తెలుసా?" అంది.

తెలుసన్నాను.

"గవదబిళ్ళల మాట కూడా?"

అది కూడా అన్నాను. ఆమె చాలాసేపు నా మొహం చూసింది. అప్పుడు అడిగాను, సెయింట్ లూయిస్‌లో ఆ రోజు ఏం జరిగిందని. చెప్పడం మొదలుపెట్టింది. పొయ్యి మీద చిక్కుడు గింజల పులుసు మాడింది. ఇద్దరం లేవలేదు.

తరువాత ఆమే గిలాదుకు ఫోను చేసి, శనివారం సాక్ష్యానికి వస్తాను గానీ పాస్టరు గారు ఆ మూసిన తలుపు మాట అంటే అక్కడే, ఆ మైకులోనే కాదని చెబుతానంది. గంటకల్లా వాళ్ళే తిరిగి చేశారు. ఈసారి సాక్ష్యానికి వేరే ఊరి నుంచి ఇంకొక సిస్టరును పిలిచారట, ఆర్లీన్ విశ్రాంతి తీసుకోవచ్చునట. ఆమె ఫోను పెట్టేసి ఏడ్చింది. వాళ్ళ కోసం ఏడ్చిందని నాకు మళ్ళీ కడుపు మండింది. అయినా పక్కనే కూర్చున్నాను.

కాబట్టి హాలు ఇవ్వడం, ఇవ్వకపోవడం తమ చిత్తం. ఆ వేదిక మీద ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి ఆర్లీన్ ఈ వేళ నాకు చెప్పింది. దాన్ని ఈ అర్జీలో చేర్చడం లేదు. తమరు పిలిపించి అడిగినా చెప్పను.