మూత తీయని సీసా

శంషాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

చెల్లెలు పద్మ నమస్కారాలు. నువ్వు, బావ, అమ్మ, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేనిక్కడ కులాసా అని రాయబోయి రెండు కాగితాలు చింపేశాను. ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు. మనసే బాగాలేదు. ఫోన్లో చెప్పేదాన్నే, కానీ మనింట్లో ఫోను ఎప్పుడూ బావ చేతిలోనే, అదీ స్పీకర్లోనే. అందుకే ఉత్తరం.

ఇక్కడి ఎండ మన సముద్రపొడ్డు ఎండలా కాదు. చెమట పట్టేలోపే ఆరిపోతుంది. గదిలో ఫ్యాను వేడిగాలే తిప్పుతుంది, విమానం దిగినప్పుడల్లా కిటికీ అదురుతుంది. జొన్నరొట్టె అలవాటైంది గానీ చేపలపులుసు తిని నెలన్నరయింది. ఆదివారాలు ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండా గడిచిపోతాయి.

నా పని తెలుసుగా. ఎండలకూ వరదలకూ బీదవాళ్ళు ముందే ఎలా సిద్ధపడాలో చిన్న చిన్న సేవాసంస్థల వాళ్ళకు నేర్పుతాను. వాళ్ళు వెళ్ళి జనానికి చెబుతారు. పోయిన నెల పాల్మాకుల దగ్గర గోదాము కడుతున్న చోట, కూలి ఆడవాళ్ళకు ఎలా చెప్పాలో చూపించడానికి ఒక సంస్థ అమ్మాయి స్వరూపను వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను. అరగంటకోసారి నీళ్ళు తాగాలని చెప్పి తలా ఒక సీసా ఇచ్చాం. పని ఆపి వాళ్ళను కూర్చోనిచ్చాడు కదా అని మేస్త్రీకి ముందు వరసలో కుర్చీ వేయించాను. మర్యాద అనుకున్నాను. యాదమ్మ అని ఒకామె, అందరిలోకీ చురుకైంది, నేను చెప్పిందంతా తిరిగి అప్పజెప్పింది. ఏమైనా అడగాలా అంటే మాత్రం మేస్త్రీ వైపు చూసి, ఏం లేదు మేడం, సమజైంది అంది. పక్కనామె మోచేత్తో పొడిచింది. ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

మొన్న మంగళవారం యాదమ్మ ఎండలో ఇటుకలు మోస్తూ వడదెబ్బకు పడిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి స్వరూప ఆమె సీసా పట్టుకుని నిలబడి ఉంది. పొద్దున నింపుకున్న నీళ్ళు నిండుగానే ఉన్నాయి, మూత కూడా తీయలేదు. ఇంత చెప్పినా ఎందుకు తాగలేదని, నా పాపిష్టి నోరు, పోయిన మనిషి మీద కోప్పడ్డాను. అప్పుడు మోచేత్తో పొడిచినామె అంది:

"తాగితే యాడికి పోవాలె మేడం? ఆడ చాటు లేదు, చుట్టూ మొగోళ్ళే. ఇంటికి పొయ్యేదాక ఆపుకుంటం. ఆ దినం గదే అడుగుదామనుకున్నం. మీరు మేస్త్రీని ముంగట కూసోబెట్టిన్రు."

అక్కా, తుఫానుకు మనల్ని బడిలో ఉంచారు, గుర్తుందా? అమ్మ రెండు రోజులు గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. బడికంతటికీ ఒక్కటే మరుగుదొడ్డి, దాని ముందు మగవాళ్ళ బారు. మనతో దాహం లేదే అంది. ఆ అమ్మ కడుపున పుట్టి నాకిది తెలియదా? తెలుసు. నేను నేర్పే కాగితంలో లేదు కాబట్టి గుర్తు రాలేదు.

ఆఫీసులో చెప్పాను. కాగితాలు అచ్చయిపోయాయట, ఈ వేసవికి ఇంతేనట. మరుగుదొడ్లు మన పని కాదట. రేపు ఆరాంఘర్ దగ్గర ఇంకో సంస్థకు అదే కాగితం చదవాలి. ఇకమీదట మేస్త్రీలను బయట కూర్చోబెట్టమంటాను, నా చేతిలో ఉన్నది అంతే. దానివల్ల చాటు రాదుగా. వచ్చేయాలనిపిస్తోంది. వచ్చి మాత్రం ఏం చేస్తాను? ఏ దారీ కనబడటం లేదు.

పెద్దమ్మకూ మామయ్యకూ నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కొత్తావకాయ పంపు. నన్ను దీవించమని అమ్మనడుగు, ఈ సంగతి మాత్రం చెప్పకు.

ఒక్కటి అడుగుతాను. నువ్వు రొయ్యల షెడ్డులో చేరి ఏడాదయింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి తలలు తీస్తారు కదా. అక్కడ నీళ్ళు తాగుతున్నావా అక్కా? బావ లేనప్పుడు కూర్చుని నీ చేత్తో రాయి. కులాసా అని మాత్రం రాయకు.

నీ చెల్లెలు,
పద్మ