బత్తాయి మందు వరి మడిల

నవ్యోళ్ల నాయినా, చిట్యాలల యూరియా లైనుకు పోతున్న.

లేవంగనే వరి మడిల నీళ్లు తీసెయ్యి. నేను యూరియా తెచ్చినంక బురదల చల్లుదాం, గప్పటిదాక నీళ్లు పెట్టకు.

బత్తాయి చెట్లకని తెచ్చిన నైట్రేటు తీస్కపోయి నిండ నీళ్లున్న మడిల చల్లితివి. "ఏదైతేంది, రెండూ తెల్లగనే ఉన్నయి గదా" అన్నవు. యూరియా అయితే బురద పట్టుకోని ఉంటది, వరి వేరు మెల్లగ తింటది, నైట్రేటు నీళ్లెంబడి దిగిపోతదని నెత్తి నోరు కొట్టుకోని చెప్పిన. విన్నవా? ఇప్పుడు వరి పసుపు రంగుకు తిరిగింది, బత్తాయిలకు మందు లేకుంటపోయింది.

పొయ్యి మీద అన్నం, పచ్చిపులుసు ఉన్నయి. తిను.

చెప్పుల కోసం దేవులాడకు. లైన్ల మన జాగల పెట్టనీకి నీయే తీస్కపోయిన. నువ్వు నిలబడకున్నా నీ చెప్పులన్న నిలబడ్తయి.