ఒకే క్లిప్పు

అన్నయ్యా,

వదిన చెప్పేలోపు నేనే చెప్పేస్తున్నాను. నీ పాత పోలీసు చొక్కా నా దగ్గరుంది. అడిగితే ఇవ్వవని, అమ్మ బీరువాలోంచి అడక్కుండానే తెచ్చుకున్నాను. దేశభక్తి, నిరసన మీద మా ఆర్టిస్టులందరం కలిసి పెట్టిన ఎగ్జిబిషన్‌లో దాన్ని దండెం మీద ఆరేశాను. పక్కనే నా నల్లచొక్కా ఉంది. మా నిరసన ఊరేగింపు రోజున నువ్వు నా చెయ్యి పట్టుకుని పోలీసు వ్యాన్ ఎక్కించినప్పుడు చిరిగిందే, అది. క్లిప్పులు చాలవని అమ్మ ఎప్పుడూ రెండు బట్టల అంచులు కలిపి ఒకే క్లిప్పు పెడుతుంది కదా, నేనూ అలాగే పెట్టాను.

వచ్చినవాళ్ళు ఇందులో అసలు దేశభక్తుడెవరని జుట్లు పట్టుకుంటున్నారు. అమ్మ మాత్రం నిన్న వచ్చి, 'ముట్టుకోరాదు' అన్న బోర్డు పక్కనే నిలబడి సంచీలోంచి సూదీదారం తీసింది. నీ చొక్కాకి ఊడిన గుండీ కుట్టింది. నా చొక్కా భుజం కూడా కుట్టేసింది. నా నిరసనంతా ఆ చిరుగులోనే ఉందమ్మా అని మొత్తుకున్నాను. "ముందు కుట్టనివ్వవే" అంది.

నువ్వు మండిపడతావని తెలుసు. ఆ రోజు నుంచీ నాతో మాటల్లేవు కాబట్టి పాపం తిట్టే వీలు కూడా లేదు నీకు. ఆదివారంతో ఎగ్జిబిషన్ అయిపోతుంది. నీ చొక్కా నువ్వే వచ్చి తీసుకెళ్ళు. నేను వచ్చేదాకా మాత్రం క్లిప్పు తీయకు. నీది లాగితే నాదీ కింద పడుతుంది.

నువ్వు మాట్లాడని
నీ చెల్లెలు