బటన్ల ఫోన్

మంగళవారం, రాత్రి

ఆర్డర్లలో తప్పులు వచ్చినప్పుడల్లా నేరం టచ్ ఫోన్ మీదకు నెట్టి, బటన్లున్న ఫోన్ కావాలని ఏడాదిగా ఆఫీసులో అడిగింది నేనే. చివరికి ఒకటి తెప్పించి, రెండు రోజులు వాడి రిపోర్టు ఇమ్మన్నారు. బాగుంటే మా ఎరువుల కంపెనీలో ఊళ్లు తిరిగే వాళ్లందరికీ ఇస్తారట.

ఫోన్ నిజంగానే బాగుంది. అక్షరానికో బటన్, నొక్కితే వేలికి తెలుస్తుంది. ఈ రోజు ములుగులో కొమురయ్య దుకాణంలో దాని మీదే ఆర్డరు కొట్టాను. ఆయన తొంగి చూసి, "సార్, నాకు నలభై బస్తాలు చాలు. నాలుగొందలు కొట్టిన్రు," అన్నాడు. వేలు వణికి సున్నా రెండుసార్లు పడింది. దిద్దబోతే మళ్లీ అంతే. చివరికి ఆయనే ఫోన్ తీసుకుని, నలభై కొట్టి ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక నా భార్య మేరీ అన్నం పెడుతూ, "కొత్త ఫోన్ ఎట్లుంది?" అని అడిగింది.

"మంచిగనే ఉంది."

"మరి గట్లున్నవేంది? ఇగ ఫికర్ లేదు గద!"

నేను కుడిచేతిని ఒళ్లో దాచుకుని, తలూపాను.

రేపు రిపోర్టు పంపాలి. ఫోన్‌లో లోపం లేదని రాస్తే, ఇకమీదట తప్పులు ఎవరివని అడుగుతారు. ఉందని రాస్తే, మిగతా వాళ్లకు ఇంత మంచి ఫోన్ రాదు. ముందు ఈ చెయ్యి చూపించుకోవడానికి దవాఖానకు పోదామని మేరీకి చెప్పాలి. నోరు రావడం లేదు.