మోటారుగా మారిన టవర్ టెక్నీషియన్‌ను విడిపించుట గురించి

పులివెందుల రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నల్లగుండ్లపల్లె టవర్‌లో పాత 2జి సిగ్నల్ ఆపి కొత్త సిగ్నల్ పెట్టినందున, నేను చీనీ (బత్తాయి) తోటలకు మోటారుగా పనిచేయవలసి వచ్చుట – ఆదివారం నా నిఖా ఉన్నందున తక్షణ విడుదల కోరుట – గురించి.

ప్రొద్దుటూరు కాపురస్తుడనైన షేక్ రఫీ అను నేను ఒక సెల్ కంపెనీలో టవర్ టెక్నీషియన్‌ను. నా బాధలు ఈ క్రింది విధముగా ఉన్నవి.

1. పాత సిగ్నల్ తీసి కొత్తది పెట్టి రమ్మని కంపెనీ నన్ను ఈ ఊరికి పంపినది. కొత్తదానిలో సినిమా రెప్పపాటున దిగునని గ్రామస్థులకు తెలియజేసితిని. వారు సంతోషించి మజ్జిగ ఇచ్చిరి. అంతట పాతది ఆపితిని. గంట గడవక ముందే మజ్జిగ ఇచ్చినవారే కట్టెలు పట్టుకుని వచ్చిరి.

2. విచారించగా తేలినది ఏమనగా, ఇక్కడి బోరు మోటార్లన్నిటికీ సిమ్ కార్డు వేసిన స్టార్టర్ పెట్టెలు ఉన్నవి. రైతు వేంపల్లెలో టీ తాగుతూ ఫోన్ కొడితే తోటలో మోటారు ఆడును. ఆ పెట్టెలకు పాత సిగ్నల్ తప్ప వేరొకటి తెలియదు. ఈ సంగతి కంపెనీ నాకు చెప్పలేదు. కంపెనీకి ఎవరూ చెప్పలేదట. పెద్ద రైతు ఆదినారాయణరెడ్డి గారికి కొత్త సిగ్నల్ వేగము గురించి మరల వివరించబోగా, "నా మోటారు సినిమాలు చూస్తాదా రఫీ? దానికి నీళ్లు ఎత్తేది తప్ప ఇంకేం రాదప్పా" అనిరి. మా ట్రైనింగులో మోటార్ల పాఠము లేదు.

3. ఎండలు ముదిరినవి. పిందె మీదున్న చీనీకి తడి తప్పితే కాయ నిలవదని తమరికి నేను చెప్పనక్కరలేదు. కొత్త పెట్టెలు వచ్చువరకు జనమును శాంతింపజేయవలెనని నేనొక బుద్ధితక్కువ పని చేసితిని. మోటారు నంబర్లకు వచ్చే ఫోన్లన్నియు నా ఫోన్‌కు మళ్లునట్లు పెట్టితిని. ఎవరు చేసినా కొంచెం ఓర్చుకోండని చెప్పవచ్చునని నా ఉద్దేశము. అయితే మోటారుతో ఎవరూ మాట్లాడరు గదా సార్. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తారు, నీళ్లు వస్తాయని కూర్చుంటారు. నేను జాలిపడి పరిగెత్తి స్టార్టర్ బటన్ నొక్కితిని. నీళ్లు వచ్చినవి. అంతటితో ఊరికి సమస్య తీరినది.

4. ప్రస్తుతము ఊరి మోటార్లన్నిటికీ నేనే సిగ్నల్. ఒక రింగుకు రెడ్డి గారి తోటకు, ఇంకో రింగుకు వంక అవతలి తోటకు ఉరుకుచున్నాను. ఊరి కుక్కలు మొదట్లో నన్ను తరిమినవి. ఇప్పుడు తోడు వస్తున్నవి.

5. నన్ను నిర్బంధించిరని అనుటకు వీలు లేదు. కొట్టలేదు, తిట్టలేదు. నా బండి తాళం మాత్రము రెడ్డి గారి బీరువాలో ఉన్నది. అడిగినప్పుడల్లా బువ్వ తిని పోదువులే అందురు. ఆయన భార్య యశోదమ్మ గారు నాకొరకు వేంపల్లె మనిషితో హలాల్ చేయించి మరీ నాటుకోడి, సంగటి పెట్టుచున్నారు. ఆ సంగటి తిన్నాక తాళం ఇచ్చినా లేవలేను.

6. కొత్త కేబుల్ కొరకు తెచ్చిన నల్ల పైపు చుట్ట కనపడుట లేదు. అది చీనీ చెట్లకు నీళ్లు పారించుచున్నది. ఇదేమని అడుగగా, పైపు శానా బాగుంది, ఇంకో చుట్ట ఉందా అని నన్నే అడిగిరి.

7. మా పై అధికారికి మొర పెట్టుకొనగా, మ్యాపులో ఈ ఊరికి పచ్చరంగు వేసినామని, అనగా మార్పు విజయవంతమైనదని, వేసిన రంగు తీయుటకు వీలు పడదని సెలవిచ్చిరి.

8. అయ్యా, అసలు బాధ ఇది. ఆదివారం ప్రొద్దుటూరులో అల్ఫియా అను అమ్మాయితో నా నిఖా. షేర్వానీకి కొలతలే ఇవ్వలేదు. ఆ పిల్ల ఫోన్ చేస్తే నేను తోటలో ఉంటాను. ఎత్తితే రొప్పుతుంటాను. ఎందుకు రొప్పుతున్నావంటే మోటారు ఆన్ చేసి వస్తున్నా అంటాను. మళ్లీ చేసినా అదే మాట. ఏ ఆడపిల్ల నమ్ముతుంది సార్? నిన్నటి నుంచి అసలు ఫోనే చేయడం లేదు. నాకు ఆ పిల్లంటే శానా ఇష్టం సార్.

కావున కొత్త పెట్టెలు వచ్చువరకు పాత సిగ్నల్‌ను కూడా నడపమని మా కంపెనీకి ఒక ఉత్తరువు వ్రాసి, నన్ను తిరిగి మనిషిగా ప్రొద్దుటూరు చేర్చవలెనని నా గోడు చిత్తగించ ప్రార్థన.

ఇట్లు,
ఫోన్ మోగనంతవరకు తమ విధేయుడు,
షేక్ రఫీ

మరొక మనవి: ఈ అర్జీ మడుస్తుండగానే అల్ఫియా, వాళ్లమ్మ ఖమ్రున్నీసా గారు ఆటోలో దిగారు. మోటారు కథ నిజమో కాదో తేల్చుకుందామని వచ్చారట. నేను నోరు తెరిచానో లేదో, రింగు వచ్చింది. మాట సగంలో వదిలేసి ఉరికాను. తిరిగొచ్చేసరికి మోకాళ్ల దాకా బురద. వాళ్లమ్మ ముఖం చూసి నా పెళ్లి ఆగిపోయినట్టే అనుకున్నాను.

అల్ఫియా మాత్రం అందరికీ వినపడేట్టు తెలుగులోనే చెప్పింది. "అమ్మీ, ఒక్క రింగుకే లేసి పరిగెత్తే మొగుడు మనకు యాడ దొరుకుతాడు? ఈయన్నే చేసుకుంటా. ఈడే చేసుకుంటా."

నిఖా ఆదివారమే, రెడ్డి గారి చీనీ తోటలో. తమరు తప్పక రావాలి. కాబట్టి విడుదల సంగతి మరిచిపోండి సార్, ఇంకొకటి అడుగుతాను. ఆదివారం నుంచి మా ఊరికి వ్యవసాయ కరెంటు వంతు రాత్రి పూటకు మారుతోంది. కరెంటు వచ్చిందంటే ఊరు ఊరంతా ఒక్కసారే రింగులిస్తుంది. దయచేసి కరెంటు వాళ్లతో చెప్పి ఆదివారం వంతు పగటికి మార్పించండి. తోటలు ఒక్క రాత్రి తడి లేకపోయినా ఓర్చుకుంటాయి సార్. నేను ఓర్చుకోలేను.