ఎనిమిది గిగాబైట్ల సున్నా

ఫిల్మ్‌నగర్

ప్రియమైన శ్రీనివాసులూ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం. మీ జూబ్లీహిల్స్ స్టూడియోలో హరిణి షూటింగ్ ఫుటేజీ చెరిపేసిందని ఆమెను అందరి ముందూ పనిలోంచి పంపించేశావట. అసిస్టెంట్ ఎడిటర్‌గా మొదటిసారి టైటిల్స్‌లో పడాల్సిన పేరు కూడా కొట్టేయించావట. విచారణ ఏది? హీరో ఆలస్యమైతే ఎండ మీద నెపం, కంప్యూటర్ తప్పు చేస్తే షేక్‌పేట నుంచి బస్సులో వచ్చే అమ్మాయి మీద నెపం. ఎడిటర్ల యూనియన్ కార్యదర్శిగా అడుగుతున్నాను, హాస్టల్లో నీ పక్క మంచం వాడిగా కూడా అడుగుతున్నాను. ఆధారం చూపించు.

కోపంతోనే,
నీ క్రాంతికుమార్

జూబ్లీహిల్స్

ప్రియమైన క్రాంతీ,

ఉపన్యాసం అందింది. కెమెరా కార్డులోని షాట్లను సర్వర్‌లోకి ఎక్కించేది మా ఇంజనీర్ అద్వైత్ రాసిన స్క్రిప్ట్, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం. ఎక్కించాక ఖాళీ ఫైళ్లను తీసేస్తుంది, అంతే. ఇన్నేళ్లలో ఒక్క షాటూ పోలేదు. ఇప్పుడు పొడవైన ప్రతి షాట్‌కూ చివరి చిన్న ముక్క మాత్రమే మిగిలింది. కార్డులు అప్పటికే తుడిచేశాం. ఆ సీట్లో కూర్చున్నది హరిణి. ఆమె చెయ్యి పడకుండా ఎలా పోతాయి? నమ్మకపోతే వచ్చి చూసుకో. కాఫీ ఇస్తాను.

నీ శ్రీను

ఫిల్మ్‌నగర్

ప్రియమైన శ్రీనూ,

కాఫీ బాగుంది. నిన్న నీ కళ్లముందే జరిగినా రాసిపెడుతున్నాను, రేపు మాట మార్చకుండా. ఈ సినిమాకు తెచ్చిన కొత్త కెమెరా పొడవైన షాట్‌ను సరిగ్గా ఎనిమిది గిగాబైట్ల ముక్కలుగా కోస్తుంది. ఫైల్ ఎంత పెద్దదని స్క్రిప్ట్ అడిగితే, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ సంఖ్యను రెండు సగాలుగా ఇస్తుంది. రెండూ కలిపి అరవై నాలుగు బిట్ల ఒకే సంఖ్యగా చదవాలి. అద్వైత్ కింది సగమే చదివాడు. అది నాలుగు గిగాబైట్లు నిండగానే మళ్లీ సున్నాకు వస్తుంది. ఎనిమిదికి రెండుసార్లు తిరిగి మళ్లీ సున్నాయే. పాత కెమెరా ముక్కలు చిన్నవి కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. నిన్న నేను తెచ్చిన షాట్‌ను, ఎవరూ కీబోర్డు ముట్టకుండానే, స్క్రిప్ట్ ఖాళీ అని తీసేసింది.

ఇంజనీర్ లెక్కను ఎవరూ అడగరు, జీతం తక్కువ వాళ్ల చేతుల్నే అనుమానిస్తారు. ఇదేగా మీ న్యాయం? హరిణిని వెనక్కి పిలు. ఆమెను పంపిన గేటులోంచే అద్వైత్‌నూ పంపు.

నీ క్రాంతి

జూబ్లీహిల్స్

ప్రియమైన క్రాంతీ,

హరిణి ఈ ఉదయం వచ్చింది. స్టాఫ్ అందరి ముందూ క్షమాపణ చెప్పాను. పేరు టైటిల్స్‌లో మళ్లీ ఎక్కింది. నీ మాట ప్రకారం అద్వైత్‌ను పంపేస్తున్నానని కూడా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. కనీసం కూర్చోలేదు.

“ఆయన్ని పంపిస్తే ఆ లెక్క ఎవరు సరిచేస్తరు సార్? నన్ను పంపినంక గూడ మీ స్క్రిప్ట్ గట్లనే నడిచింది గదా, జర చూసిన్రా?” అంది.

చూడలేదు. అప్పుడు వెళ్లి చూశాం. ఆమె లేని రోజుల్లో వచ్చిన కార్డుల షాట్లూ అలాగే పోయాయి. ఆమెను పంపేశాం కదా, ఇక ఫర్వాలేదని అందరం నిశ్చింతగా ఉన్నాం.

అద్వైత్ ఇప్పుడు ఆమె పక్కన కూర్చుని సరిచేస్తున్నాడు. నీ రెండో డిమాండ్ వెనక్కి తీసుకో. ఆమె ఒప్పుకోలేదు.

నీ శ్రీను