గొలుసు బుడిపెల ఎత్తు

తిమోతీ,

నీ పెట్రోలు రంపానికి కొత్త గొలుసు వేయించాను. పాతది పారేయి. కాలు మానాక, పనికి పోయేముందు ఇది చదువు. గొలుసులో ప్రతి పంటి ముందు ఉండే బుడిపె, పంటి కన్నా 0.65 మిల్లీమీటర్లు కింద ఉండాలి. పన్ను చెక్కలోకి ఎంత దిగాలో తేల్చేది అదే. దీంతో పంపిన గేజీ పట్టీని, అంటే కొలత పట్టీని, గొలుసు మీద పెట్టి, దాని గాడిలోంచి బుడిపె పైకి వచ్చినంత మేరకే ఆకురాయితో అరగదీయి. కంటి అంచనా వద్దు.

నీ పాత గొలుసు చూసి నర్సాపూర్ మెకానిక్ రఘుపతి, "బుడిపెలే లేకుంట చేసిండు గదా సార్. గిట్లయితే పన్ను లోతుకు దిగి ఇరుక్కుంటది, రంపం ఎగిరి మీదికొస్తది" అన్నాడు. సకల జనుల సమ్మెకు కరెంటు లేక సామిల్లు ఆగింది, గిరాకీ అంతా నీకే వచ్చింది, నిజమే. తొందరగా తెగాలని అరగదీశావు. నన్ను అడిగితే ఈ పట్టీ అప్పుడే తెచ్చేవాణ్ణి.

కుట్లు తడవనీయకు. ఎముకకు తగల్లేదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. రెండోసారి నేనే అడిగాను.

అన్న

ఇంకొకటి. మొన్న మా పేపరు ఎల్దుర్తి విలేఖరి ఫోన్ చేసి, "ఈడ చెట్టు కోసేటాయన రంపం తగిలి పోయిండట అన్నా, పేరు తెల్వలె" అన్నాడు. ఆ రోజు నువ్వు పనికి పోయింది ఎల్దుర్తికే. పేరు కనుక్కోమన్నాను. ఇరవై నిమిషాలు ఆఫీసులో నిలబడే ఉన్నాను. మళ్లీ ఫోన్ వచ్చింది. "మీ తిమోతే అన్నా. బతికే ఉన్నడు, చాయ్ అడుగుతుండు" అన్నాడు. మీ ఆవిడ రెబెకాకు ఇది చెప్పకు.